ఇంగ్లీషులో ‘ప్లీజ్’ అంటే బతిమాలడమా?

కాదు, ‘ప్లీజ్’ అనేది అడిగే మాటకు మర్యాద చేర్చే పదం, అంతే. ‘మీకు ఇష్టమైతే’ అనే అర్థంలో వాడిన వెనకటి పలుకుబడి ఒకటి కుదించుకుపోయి ఈ ఒక్క మాటగా మిగిలింది. మనం ‘రా’ అన్నా ‘రండి’ అన్నా ఇంగ్లీషులో రెంటికీ ‘కమ్’ ఒక్కటే. క్రియకు మన ‘అండి’ లాంటిది తగిలించే వీలు లేదు కాబట్టి ఆ లోటును ప్లీజ్ పూడుస్తుంది.

శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో పలాస బస్సెక్కామనుకోండి. సీట్లో సంచి పెట్టుకున్న పెద్దాయనతో ‘బాబూ, కాస్త ఆ సంచి తీస్తారా’ అంటాం. ‘బాబూ’, ‘కాస్త’, ‘తీస్తారా’ మూడూ మర్యాదే. ‘దయచేసి’ అని బస్సులో ఎవరంటారు? అది బోర్డుల మీది భాష. ఇదే ఇంగ్లీషులో అడిగితే ఆ మర్యాద బరువు చాలావరకు ప్లీజ్ మీదే పడుతుంది.

ప్లీజ్ అంటే తగ్గినట్టే అని చాలామంది పొరబడతారు. ‘ప్లీ...జ్’ అని సాగదీస్తే ఇంగ్లీషులోనూ బతిమాలడమే, నిజమే. మామూలుగా అంటే కాదు. టీచరు క్లాసులో ‘సైలెన్స్ ప్లీజ్’ అన్నారంటే అది మర్యాదగా చెప్పిన ఆజ్ఞే.