సమాధానం: కోరంగి పక్క చెరువులో రాత్రిపూట చేపలు మాయం

మీ చెరువులో చేపలు మాయమవడం దొంగల పని కాదండి. మీరు రాసిన సగం తిన్న శీలావతి చేపలు, గట్టు మీద జారిన బురద చారలు చూస్తే నీటికుక్కలే అనిపిస్తోంది. కాకపోతే కోరంగి మడ అడవి పక్కన చేపలు పట్టి తినే బావురుపిల్లి కూడా తిరుగుతుంది, ముందు అది తేల్చుకోండి.

1. పొద్దున్నే తడి మట్టిలో అడుగులు చూడండి. ఐదు వేళ్లు, వాటి మధ్య చర్మం అచ్చు కనిపిస్తే నీటికుక్క. నాలుగు వేళ్ల గుండ్రటి అడుగైతే పిల్లి.

2. అందరూ చూడకుండా వదిలేసేది పెంట. నీటికుక్కల గుంపు ఒకే చోట పదేపదే వేస్తుంది. పుల్లతో కదిపితే అంతా పొలుసులు, ముళ్లు, ఒకటే నీచు వాసన. దాదాపు అక్కడే గట్టెక్కుతున్నాయన్నమాట. చెరువంతా వల చుట్టి డబ్బు తగలేసే బదులు ముందు ఆ చోట, తూము నోటి దగ్గర గట్టి ఇనుప జాలీ బిగించి, అడుగు అంచు జానెడు కంటే లోతుగా మట్టిలో పాతండి. వదులుగా వేలాడితే కింద నుంచి దూరిపోతాయి.

3. లైట్లు నమ్ముకోకండి. బురద నీళ్లలో కూడా మీసాలతోనే చేప కదలిక పసిగడతాయి, చీకటితో వాటికి పెద్ద పనిలేదు.

ఉచ్చులు, విషపు మందు జోలికి మాత్రం వెళ్లొద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. ఫోటోలు తీసి ఫారెస్టు వాళ్లకు చూపించండి.