మసీదు బోర్డు మీద దాదా (తాత) పేరు చెరిపేశారు, స్థలం వెనక్కి వస్తుందా?

ప్రశ్న: సార్, మాది గాజువాక. మా అబ్బా (నాన్న) 1998లో 200 గజాలు మసీదుకి వక్ఫ్‌గా, అంటే మతపరమైన శాశ్వత దానంగా రాసిచ్చారు, మా దాదా పేరు పెట్టాలని అందులోనే రాయించారు. కొత్త కమిటీ మసీదుకి మనుషుల పేర్లు హరామ్ (మతం ఒప్పుకోనిది) అని బోర్డు మీద రంగు కొట్టేసింది. కేసు వేయొచ్చా, స్థలం వెనక్కి వస్తుందా?

జవాబు: స్థలం రాదండి, ఆ ఆశ వదిలేయండి. వక్ఫ్ చేసిన రోజే అది మీ చేయి దాటిపోయింది, పేరు ఉన్నా లేకపోయినా అంతే.

పేరు సంగతి వేరు. కమిటీవాళ్ళు చెప్పేది ఖురాన్ 72వ సూరా (అధ్యాయం) 18వ ఆయత్ (వాక్యం) అయ్యుంటుంది, మసీదులు అల్లాహ్‌వి అని. నిజమే, కానీ పేరు పెట్టినంత మాత్రాన ఓనర్ అయిపోరు కదా. ప్రవక్త గారి మాటలూ చేతలూ చెప్పే హదీసుల పుస్తకం బుఖారీలో "ఫలానా వాళ్ళ మసీదు" అనొచ్చా అని ఒక బాబే (అధ్యాయమే) ఉంది, అందులో ప్రవక్త గారు పెట్టించిన గుర్రప్పందెం హదీసు వస్తుంది, తర్ఫీదు లేని గుర్రాలకి పందెం ముగిసే గీత ఎక్కడంటే బనూ జురైఖ్ మసీదు దగ్గర, అంటే మదీనాలోనే ఒక తెగ పేరుతో మసీదుని పిలిచేవాళ్ళు. పాతకాలం పండితుడు ఇబ్రాహీం నఖయీ ఇలా పిలవడం ఇష్టపడలేదు గానీ ఎక్కువమంది ఉలమా (మత పండితులు) తప్పులేదన్నారు, వాళ్ళలో ఒకరైన ఇమామ్ నవవీ కూడా గుర్తు కోసమే కదా అన్నారు. గొప్పకి పెట్టుకున్నారా అంటే అది నియ్యత్ (మనసులో ఉద్దేశం), దానికి నా దగ్గర సెక్షన్ లేదు.

మన విశాఖ వన్‌టౌన్ కొండ మీది ఇస్హాక్ మదీనా దర్గాకీ మనిషి పేరుంది కదా అని ఉదాహరణగా తేకండి, అది దర్గా, మసీదు కాదు, గొడవ ఇంకెటో పోతుంది.

ఈ మతం మాటంతా ఎందుకంటే, వక్ఫ్ చట్టం 32వ సెక్షన్ ప్రకారం వక్ఫ్ ఆస్తులు చూసే వక్ఫ్ బోర్డు, వక్ఫ్ చేసిన మనిషి చెప్పినట్టూ, ఆ వక్ఫ్‌కి చెందిన మజ్హబ్ (ముస్లిం ధర్మశాస్త్ర శాఖ) ఒప్పుకునే వాడుక ప్రకారమూ నడవాలి. కాబట్టి దస్తావేజులో దాదా పేరు పెట్టాలన్న లైన్ ఉంటే కమిటీ సొంతంగా తీర్మానం చేసి చెరిపేస్తే నా లెక్కలో నిలవదు. ముందు వక్ఫ్ బోర్డుకి అర్జీ పెట్టండి, కదలకపోతే అదే చట్టం 83వ సెక్షన్ కింద వక్ఫ్ ట్రైబ్యునల్‌కి వెళ్ళండి, మామూలు సివిల్ కోర్టుకి పోతే 85వ సెక్షన్ చూపించి బయటికి పంపేస్తారు.

మీరు పంపిన దస్తావేజు ఫోటోలో సరిగ్గా పేరున్న చోటే కాగితం మడత పడి అక్షరాలు పోయాయి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీయండి, పాత కరెంటు బిల్లు, చందా రసీదులు, ఆ పేరుతో అచ్చేసిన నిఖా కార్డులు కూడా ఏరి పెట్టండి. ఈలోగా పెయింట్ డబ్బా పట్టుకుని మీరు నిచ్చెన ఎక్కొద్దు.