ఐరిష్ తిరుగుబాటుదారు జాడ కావాలంటే ముందు అప్పుల కాగితాలు వెతకండి

"1798లో బ్రిటిష్ పాలన మీద జరిగిన ఐరిష్ తిరుగుబాటులో పట్టుబడి ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం వెళ్లిన ఒక మనిషి జీవితాన్ని ఇప్పుడు కూపీ లాగడం సాధ్యమేనా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. సాధ్యమే. కానీ ఐర్లాండులో మొదలుపెట్టకండి, ఆ మనిషి చనిపోయిన చోట మొదలుపెట్టండి. ఇంతటితో జవాబు ముగించవచ్చు గానీ, సిడ్నీ నైరుతిన ఉన్న లివర్‌పూల్‌లో కాపురం ఉంటున్నవాడిగా ఈ విషయంలో నాకు కొంత కడుపుమంట ఉంది. అది కూడా వినండి.

ఇంటికి వచ్చిన చుట్టాలకు ఒపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జి చూపించి విమానం ఎక్కించడం ఇక్కడి తెలుగువాళ్లకు అలవాటు. బ్రిటిష్ సైన్యాన్ని అయిదేళ్లపాటు ఐర్లాండులోని విక్లో కొండల్లో ముప్పుతిప్పలు పెట్టిన మైఖేల్ డ్వయర్ ఇదే లివర్‌పూల్‌లో చీఫ్ కానిస్టేబుల్‌గా పనిచేశాడని చెబితే "అలాగా" అని ఊరుకుంటారు. ఐరిష్ వాళ్లయినా మెరుగా అంటే అదీ లేదు. వాళ్లకు కొండల్లోని డ్వయర్ కావాలి, కానిస్టేబుల్ డ్వయర్ అక్కర్లేదు.

కొండల్లోని డ్వయర్ కథ గొప్పదే, కాదనను. 1799 ఫిబ్రవరిలో డెరినమక్ అనే చోట అతనూ మరో ముగ్గురూ తలదాచుకున్న ఇంటిని సైనికులు చుట్టుముట్టారు. పైకప్పు గడ్డికి నిప్పంటుకుంది. అప్పటికే గాయపడి ఉన్న సహచరుడు సామ్ మెకాలిస్టర్ తలుపు తెరిచి సైనికులకు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. తుపాకులన్నీ అతని మీద ఒక్కసారిగా పేలాయి. వాటిని మళ్లీ నింపుకునేలోపు డ్వయర్ ఆ తలుపులోంచే దూకి పరుగెత్తి తప్పించుకున్నాడు. నలుగురిలో బతికి బయటపడింది అతనొక్కడే. మెకాలిస్టర్‌కు బాల్టింగ్లాస్ ఊరి నడిబొడ్డున విగ్రహం ఉంది. ఈ ఘట్టం ఎవరిని అడిగినా చెబుతారు. ఇక అక్కడితో సరి, ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు బతికిన మనిషిని అందరూ గాలికి వదిలేశారు.

మీకు పనికొచ్చే చిక్కుముడి ఆ ఇరవై ఆరేళ్లలోనే ఉంది. డ్వయర్ 1803 డిసెంబరులో లొంగిపోయాడు. అమెరికాకు పంపుతారని నమ్ముకున్నాడు. తీరా డబ్లిన్‌లోని కిల్మైన్‌హామ్ జైల్లో 1805 దాకా ఉంచి, మరో నలుగురు విక్లో సహచరులతోపాటు న్యూ సౌత్ వేల్స్, అంటే సిడ్నీ ఉన్న బ్రిటిష్ వలస, వెళ్లే ఓడ ఎక్కించారు. ఆ ఓడ పేరు టెలిచెర్రీ, అంటే మన కేరళలోని తలస్సేరి. 1806 ఫిబ్రవరిలో అది సిడ్నీ చేరింది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, అతని మీద విచారణ జరగలేదు, ఇన్నేళ్లని శిక్ష పడలేదు. కాబట్టి ఖైదీల పట్టీలో "ఎక్కడ విచారించారు, ఎన్నేళ్ల శిక్ష" అన్న గడుల కోసం గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంటే ఏమీ దొరకదు. 1798 నాటి చాలామంది సంగతి ఇంతే. విచారణ జరిగినా అది సైనిక న్యాయస్థానంలో, హడావుడిగా. పైగా 1790లలో ఐర్లాండు నుంచి వచ్చిన కొన్ని ఓడలకు శిక్షాకాలం వివరాల కాగితాలు సరిగా రాలేదని ఇక్కడి గవర్నర్లే లండన్‌కు మొరపెట్టుకున్నారు. అందుకే స్వేచ్ఛగా వచ్చినవాళ్ల పట్టీలలో కూడా వెతకమంటాను.

నాతో పనిచేసి రిటైరైన ఒక ఐరిష్ మూలాల పెద్దాయన ఉన్నాడు. తన ముత్తాత తాత 1798 మనిషే అని, తోటి తిరుగుబాటుదారులకు ఉత్తరాలు రాసిపెట్టిన బడిపంతులని ఆయన చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాడు. ఒకసారి నన్ను తోడు తీసుకుని రికార్డుల కార్యాలయానికి వెళ్లాడు. మైక్రోఫిల్మ్ యంత్రం ముందు కూర్చుని చక్రం తిప్పుతుంటే పాత దస్తూరీ బూడిదరంగు తెర మీద పైకి జరుగుతూ పోతోంది. ఒకచోట ఆయన చెయ్యి ఆగింది. పూర్వీకుడు గవర్నరుకు పెట్టుకున్న అర్జీ. భార్యాపిల్లలున్నారు, కొద్దిగా భూమి ఇప్పించండి అని చక్కటి గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. అంచున మేజిస్ట్రేటు సిఫారసు వేరే దస్తూరీలో ఒక వాక్యం. అడుగున సంతకం ఉండాల్సిన చోట ఇంటూ గుర్తు, దానికి అటూ ఇటూ గుమాస్తా రాసిన పేరు. మన పాత దస్తావేజుల్లో నిశానీ వేసినట్టే. అంటే బడిపంతులు గారికి సంతకం రాదు! పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఆ రోజు చేతికి దెబ్బ తగిలి ఉంటుంది" అన్నాడు. నేను నోరు మెదపలేదు. ఆయన ఇప్పటికీ మనవళ్లకు బడిపంతులు కథే చెబుతున్నాడు.

వంశవృక్షాల సైట్లన్నీ నా దృష్టిలో ఇలాంటివాళ్లతో నిండిపోయాయి. ఒకరు గాలిమాట ఎక్కిస్తారు, నలభై మంది దాన్ని ఎత్తిరాస్తారు, నలభై చోట్ల కనబడింది కనుక నిజమేనని నలభై ఒకటోవాడు నమ్ముతాడు. తల్లి పుట్టకముందే పిల్లలు పుట్టిన కుటుంబాలను నేను అక్కడ చూశాను. ఆధారం చూపని వంశవృక్షాన్ని తెరవనే తెరవకండి. అందులో ఒక్కటీ పనికిరాదు.

మళ్లీ డ్వయర్ దగ్గరికి వస్తాను. వచ్చిన కొత్తలో గవర్నర్ కింగ్ ఆ అయిదుగురికీ కబ్రమాటా వాగు పక్కన తలా నూరెకరాలు ఇచ్చాడు. తర్వాత వచ్చిన గవర్నర్ బ్లై, అదే బౌంటీ ఓడలో నావికులు తిరగబడి పడవలో వదిలేసిన బ్లై, వీళ్లు మళ్లీ కుట్ర చేస్తున్నారని 1807లో పట్టుకున్నాడు. కోర్టు డ్వయర్‌ను నిర్దోషి అంది. బ్లై ఆ తీర్పును పక్కనపెట్టి అతన్ని నార్ఫోక్ దీవికి పంపించాడు. అక్కడి నుంచి ఇప్పటి టాస్మేనియాకు. 1808 జనవరి 26న సైనికులు బ్లైనే గద్దె దించాక గానీ డ్వయర్ తిరిగి రాలేకపోయాడు. ఆ తర్వాత పోలీసులో చేరి, 1820లో లివర్‌పూల్ చీఫ్ కానిస్టేబుల్ అయి, అదే ఏడాది తాగుడు వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నాడు. భూములు పెంచుకున్నాడు, సత్రం నడిపాడు, పీకల్లోతు అప్పుల్లో పడ్డాడు. 1825లో అప్పు తీర్చలేక జైలుకు వెళ్లాడు. ఆ ఆగస్టులోనే రక్తవిరేచనాలతో పోయాడు. భార్య మేరీ 1860 దాకా బతికింది.

చూశారా, వీరగాథ చెప్పని మనిషంతా భూమి పట్టాల్లో, ఉద్యోగపు ఉత్తర్వుల్లో, అప్పు కేసుల్లో ఉన్నాడు. సర్కారుకు, షావుకారుకు బాకీ పడ్డవాడు చరిత్రలో నిక్షేపంగా మిగులుతాడు. బుద్ధిమంతుడుగా పంట పండించుకున్నవాడి పేరు కూడా మిగలదు.

డ్వయర్ అస్థికలను లివర్‌పూల్ నుంచి తీసి సిడ్నీలోని డెవన్‌షైర్ స్ట్రీట్ శ్మశానంలో పెట్టారు. 1898లో, తిరుగుబాటుకు నూరేళ్లయిన సందర్భంగా, భారీ ఊరేగింపుతో వేవర్లీ శ్మశానానికి తరలించారు. సముద్రం అంచున కొండ మీద తెల్ల చలువరాతి శిలువతో పెద్ద స్మారకం అక్కడ ఉంది, వీలైతే చూడండి. డెవన్‌షైర్ స్ట్రీట్ శ్మశానం ఉన్న చోటే ఇప్పటి సెంట్రల్ రైల్వే స్టేషన్. రోజూ ఆఫీసుకు రైలు మారేది అక్కడే, తెలిసినవాళ్లు ఎంతమంది?

సరే, దారి చెబుతాను. మరణం, సమాధి ముందు. తర్వాత భూమి, కోర్టు కాగితాలు. న్యూ సౌత్ వేల్స్ కలోనియల్ సెక్రటరీ (గవర్నరు కింద పాలనా వ్యవహారాలు చూసిన అధికారి) ఉత్తరప్రత్యుత్తరాల సూచిక నా లెక్కలో అన్నింటికన్నా విలువైనది. 1803 నుంచి వచ్చిన సిడ్నీ గెజెట్ పత్రిక ట్రోవ్ అనే సైటులో ఉచితంగా చదవవచ్చు. 1806, 1811 నాటి మస్టర్లు, అంటే తలల లెక్కలు, 1828 జనాభా లెక్కలు ఆ తర్వాత. ఓడ పట్టీ చివర. పేరును చెవికి వినబడే ప్రతి విధంగానూ రాసి వెతకండి, గుమాస్తాలు విన్నదే రాశారు.

ఐర్లాండుకు అప్పుడు వెళ్లండి. 1836కు ముందటి ద్వీపాంతర రిజిస్టర్లు 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థాన భవనాల మంటల్లో బూడిదయ్యాయి. శిక్ష తగ్గించమని ఖైదీలు పెట్టుకున్న అర్జీలు మాత్రం చాలా మిగిలాయి. 1988లో ఐరిష్ ప్రభుత్వం ఆస్ట్రేలియాకు కానుకగా ఇచ్చిన నకళ్లలో అవి ఉన్నాయి. డబ్లిన్ కోటలో విడిగా దాచిన "రెబెలియన్ పేపర్స్", అంటే తిరుగుబాటు కాగితాలు, కూడా నిప్పు తగలకుండా బయటపడ్డాయి. వాటిలో గూఢచారుల నివేదికలు ఉంటాయి, కాబట్టి మీ మనిషి గురించి చెడ్డమాటలు వినడానికి సిద్ధపడే వెళ్లండి.

మీరు వెతికే మనిషి ఏ ఓడలో వచ్చాడో, ఏ జిల్లావాడో కింద రాయండి. ఓడ పేరు తెలిస్తే సగం పని అయినట్టే.