సెర్బియాలో చిన్న ఊళ్లో మనవాళ్లు ఇమడగలరా? పీరోట్‌లో మా రెండేళ్ల అనుభవం

మీ తమ్ముడికి సెర్బియాలో ఓ చిన్న ఊళ్లో ఉద్యోగం వచ్చిందనీ, అక్కడి మనుషులు ఎలా ఉంటారో, శాకాహారం దొరుకుతుందో లేదో చెప్పమనీ అడిగారు. మా ఆయన ఉద్యోగం వల్ల రెండేళ్లు పీరోట్‌లో కాపురం ఉన్నాం కాబట్టి ఆ ఊరి సంగతే చెబుతాను. ముందుగా ఒక్క మాట. అపార్ట్‌మెంటు వద్దు, పెద్దవాళ్లున్న ఇంట్లో ఒక వాటా చూసుకోమనండి.

పీరోట్ దేశానికి ఆగ్నేయ మూలన, నీషవా నది ఒడ్డున ఉంది. బల్గేరియా సరిహద్దు దగ్గరే, నీష్ నగరానికి 70 కిలోమీటర్లు. వెనకంతా స్టారా ప్లానినా కొండలు. 2023 జనవరి నుంచి మనకి వీసా తప్పనిసరి, అది ముందే చూసుకోవాలి.

మేము దిగిన రోజు ఇంటావిడ పళ్లెంలో ఒక గిన్నె, చెంచాలు, మంచినీళ్ల గ్లాసులు పెట్టుకుని వచ్చింది. గిన్నెలో పాకంలో ఉడికిన పుల్ల చెర్రీలు. దాన్ని 'స్లాట్కో' అంటారు. ఒక్క చెంచా నోట్లో వేసుకుని నీళ్లు తాగాలి, ఆ తర్వాతే కాఫీ, కబుర్లు. ఎండలో వచ్చినవాళ్లకి మన పల్లెల్లో బెల్లం ముక్క, నీళ్లు ఇచ్చినట్టే. మర్నాటి నుంచి ఆవిడ నన్ను 'చెర్కో' అంది, అంటే అమ్మాయీ అని. నేను 'బాబా' అన్నాను. వాళ్ల భాషలో బాబా అంటే అమ్మమ్మ, నాయనమ్మ.

భాషకి భయపడక్కర్లేదు. పుస్తకాల సెర్బియన్‌లో ఏడు విభక్తులున్నా పీరోట్ యాసలో చాలావరకు రాలిపోయాయి. నేను తప్పుగా మాట్లాడినా ఊరివాళ్లలాగే మాట్లాడుతున్నానని బాబా మురిసిపోయేది. కొన్ని మాటలు మనవే అనిపిస్తాయి: జేబుని జెప్ అంటారు, చక్కెరని షెచెర్, దుకాణాన్ని దుచాన్. తుర్కుల పాలనలో వాళ్లకి చేరినవి, మనకి ఉర్దూ, పారసీల మీదుగానో సంస్కృతం నుంచో వచ్చినవి.

తిండి విషయంలో గుర్తుపెట్టుకోవాల్సిన మాట 'పోస్నో'. చర్చి ఉపవాస దినాల్లో మాంసం, పాలు, గుడ్లు లేకుండా చేసే వంట అది. బుధ, శుక్రవారాల్లో పాటించేవాళ్లున్నారు. చేప మాత్రం పోస్నోలోకే వస్తుంది, కాబట్టి 'చేప కూడా వద్దు' అని విడిగా చెప్పాలి. డిసెంబరు 19న నికోల్‌దాన్, అంటే సెయింట్ నికోలస్ పండుగ. ఆ రోజు బాబా ఇంట్లో స్లావా, అంటే వాళ్ల ఇంటి సాధువు పండుగ. అది ఉపవాస కాలంలో పడుతుంది. ఉల్లిపాయలతో కలిపి ఓవెన్‌లో పెట్టిన చిక్కుడు గింజల ప్రెబ్రనాత్స్‌ని నేను అడిగి మరీ రెండోసారి వడ్డించుకున్నాను.

సెప్టెంబరులో వీధి వీధంతా కాలిన మిరపకాయల వాసనే. కారంలేని లావుపాటి ఎర్ర మిరపకాయల్ని పెరట్లో పొయ్యి మీద కాల్చి, మూతపెట్టి మగ్గనిచ్చి, తొక్క తీసి, రుబ్బి, నూనెలో గంటల తరబడి తిప్పుతూ మగ్గిస్తారు. అదే అయ్‌వార్. కర్ర గరిటె గీసినప్పుడు అడుగు కనిపిస్తే అయినట్టు. మన ఆవకాయ రోజుల్లాగే, ఎవరింట్లో ఎన్ని సీసాలన్నదే ఊరందరి ముచ్చట. మా కోసం బాబా కారం మిరపకాయలు వేసి ఒక సీసా విడిగా పెట్టింది.

కుర్రాళ్లు బెల్‌గ్రేడ్‌కో, జర్మనీ, ఆస్ట్రియాలకో వెళ్లిపోతారు. కొండ పల్లెల్లో మిగిలినవాళ్లు చాలామంది ముసలివాళ్లే. అయినా మెత్తనివాళ్లు కాదు. చిన్న జలవిద్యుత్ కేంద్రం కోసం టోప్లి డో అనే కొండ పల్లె దగ్గర ఏటిని గొట్టాల్లో పెట్టబోతే, ఊరివాళ్లే వంతెన దగ్గర కాపలా కాసి అడ్డుకున్నారు.

ఒక చలికాలం సాయంత్రం బాబా మూలనున్న కర్రపెట్టె తెరిచి 'సందుక్' అంది. మా ఇంట్లోనూ దీన్ని సందుగనే అంటాం అన్నాను. లోపల ఎర్రటి కిలిం, పీరోట్ ఆడవాళ్లు నిలువు మగ్గం మీద ఉన్నితో నేసే జంపఖానా. తిరగేసి చూపించింది. ముందువైపు ఎలా ఉందో వెనకా అలాగే ఉంది, ఒక్క ముడి కూడా కనపడలేదు. వాళ్లమ్మ నేసిందట. జావోయ్ ఊరు వదిలినప్పుడు భుజానేసుకుని తెచ్చిందట.

1963 ఫిబ్రవరిలో కొండచరియ విరిగి విసోచిత్సా నదికి అడ్డం పడింది. నీళ్లు వెనక్కి ఎగదన్ని జావోయ్ మునిగిపోయింది. అప్పటికి బాబాకి పదేళ్లు. ఇప్పుడక్కడ చెరువు, ఆనకట్ట ఉన్నాయి. ఊరివాళ్లకి పీరోట్ దగ్గర కొత్త జావోయ్ కట్టిచ్చారు.

మే నెలలో బాబా నన్ను ఆ చెరువు దగ్గరికి తీసుకెళ్లింది. ఒడ్డున నిలబడి నీళ్లలోకి చెయ్యి చాపి, ఇల్లు అటు, బడి ఇటు అని చూపించింది. మా అమ్మమ్మ ఊరూ శ్రీశైలం జలాశయంలో మునిగిందని చెప్పాను. ఎండాకాలంలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడిందంటే చాలు, అమ్మమ్మ బస్సెక్కి వెళ్లి చూసొచ్చేదని చెప్పాను. బాబా కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఒక్కర్తే వెళ్లేదా?" అని అడిగింది. అవునన్నాను. నా చెయ్యి పట్టుకుని చీకటి పడేదాకా వదల్లేదు.