ట్రావెల్ ట్రైలర్‌కి ఎలక్ట్రిక్ టంగ్ జాక్: 3500 పౌండ్లది చాలా, 5000ది కావాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండి. 24 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (ట్రక్ వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొన్నారు. సామానుతో కలిపి 7000 పౌండ్ల దాకా అనుమతి ఉంది. ట్రైలర్ ముందు బరువుని ట్రక్ ముందు ఇరుసుకీ ట్రైలర్ ఇరుసులకీ పంచే కొక్కెం, అంటే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, వాడుతున్నారు. ట్రైలర్ ముందు కొసని లేపీ దించే టంగ్ జాక్‌ని చేత్తో తిప్పీ తిప్పీ మీ ఆవిడకి భుజం పట్టేసింది. అందుకని ఎలక్ట్రిక్ జాక్ కొందామనుకుంటున్నారు. 3500 పౌండ్లది చాలా, 5000ది కావాలా, బ్యాటరీ దిగిపోతుందా, మనమే బిగించుకోవచ్చా అని అడిగారు.

మీ ట్రైలర్‌కి 3500 పౌండ్లది చాలు. ఆ విషయంలో టెన్షన్ పడకండి. నన్ను ఏడిపించింది కెపాసిటీ కాదు, వైరింగూ చేతి హ్యాండిలూ. అందుకే వాటి గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మాది 25 అడుగుల సెకండ్ హ్యాండ్ ట్రైలర్, కొని ఆరేళ్లయింది. దాంతో వచ్చింది చేతి జాకే. ఒకసారి ట్రక్‌కి తగిలించేటప్పుడు లెక్కపెడితే నూట ఇరవై చుట్లకు పైనే తిప్పాను. జులై ఎండలో, ఆరేళ్ల పిల్ల "అయిపోయిందా నాన్నా" అని అడుగుతుంటే, ఆ చుట్లు ఎంత దూరమో మీకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఇప్పటికి రెండు ఎలక్ట్రిక్ జాక్‌లు వాడాను.

ముందు బరువు సంగతి. ట్రైలర్ ముందు కొస ట్రక్ వెనకున్న ఇనుప గుండు (బాల్) మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. 7000 పౌండ్ల ట్రైలర్‌కి 700 నుంచి 1050 పౌండ్లు. రెండేళ్ల కిందట మా నాన్న బాపట్ల వైపు మా ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు ఉన్నారు. ఆయన ట్రైలర్ ముందు నిలబడి, రెండు ఇనుప దూలాలు వచ్చి ఒక కొసలో కలవడం చూసి, "ఇవి మన బండి నొగలే కదరా" అన్నారు. నిజంగా అవే. బండిలో బస్తాలు వెనక్కి ఎక్కువ వేస్తే నొగలు పైకి లేచి ఎద్దుల మెడ కింద పలుపులు బిగుసుకుంటాయి, మరీ ముందుకు వేస్తే కాడి మెడల మీద కూర్చుంటుంది. ట్రైలర్‌కీ అంతే. ముందు బరువు చాలకపోతే హైవే మీద వెనక భాగం తోకలా ఊగుతుంది. కాబట్టి జాక్ మీద భారం తగ్గుతుందని ముందు సామాను తీసి వెనక పెట్టడం మాత్రం వద్దు.

మీ బ్రోషర్‌లో హిచ్ వెయిట్ (అంటే టంగ్ వెయిటే) 620 అని ఉందన్నారు. దాన్ని నమ్ముకోకండి. మా బ్రోషర్‌లో 640 ఉంటే, తూకంలో 860 తేలింది. ఆ 640లో బ్యాటరీలు లేవు, గ్యాస్ లేదు. 20 పౌండ్ల గ్యాస్ పట్టే సిలిండర్ నిండితే ఒక్కోటి 37 పౌండ్లకు కాస్త అటూఇటూ తూగుతుంది, మాకు అవి రెండు. ఆపైన ముందు అరలో కుర్చీలు, బయట వండుకునే స్టవ్, సోనా మసూరి బస్తా. మంచినీళ్ల ట్యాంకు ఇరుసుకి ముందు ఉంటే దాని బరువులో కొంత వాటా కూడా ముందుకే వస్తుంది. గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, 40 గాలన్లంటే 330 దాటుతుంది.

తూకం కష్టమేమీ కాదు. హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో లారీలు తూచే క్యాట్ స్కేల్ ఉంటుంది. ట్రైలర్ తగిలించి, హిచ్‌లో బరువు పంచే స్ప్రింగ్ బార్లు మాత్రం తీసేసి ఒకసారి తూచండి. తర్వాత ట్రైలర్ పక్కన విప్పి ట్రక్ ఒక్కదాన్నే తూచండి. రెండుసార్లూ ట్రక్‌లో అదే మనుషులు ఉండాలి. మొదటి చీటీలో ట్రక్ ఇరుసుల మీద పడిన బరువులోంచి ఒంటరి ట్రక్ బరువు తీసేస్తే వచ్చేదే మీ టంగ్ వెయిట్.

860 పౌండ్లకి 3500 పౌండ్ల జాక్ ఎందుకు అనిపించవచ్చు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఉన్నవాళ్లకి అందులో కిటుకు ఉంది. స్ప్రింగ్ బార్లు సులువుగా ఎక్కాలంటే, కప్లర్‌ని (బాల్‌ని పట్టుకునే ట్రైలర్ ముందు కొసని) బాల్ మీద లాక్ చేసి, ట్రైలర్ ముందు కొసతో పాటు ట్రక్ వెనక భాగాన్ని కూడా జాక్‌తో పైకి లేపుతాం. ఆ నిమిషంలో జాక్ మోసేది టంగ్ వెయిట్ ఒక్కటే కాదు, ట్రక్ వెనక బరువులో కొంత కూడా. అందుకే టంగ్ వెయిట్‌కి మూడింతలైనా కెపాసిటీ ఉండేట్టు చూసుకుంటాను. మీకు 3500తో ఆ లెక్క సరిపోతుంది. ట్రైలర్ బరువు 10,000 పౌండ్ల దగ్గరికి వెళ్తేనో, టంగ్ వెయిట్ 1200 దాటితేనో 5000ది చూడండి. పెట్టె మీద ఉన్న అంకె లేపగలిగే బరువా, కదలకుండా నిలబెట్టగలిగే బరువా అన్నది మాత్రం చదివి కొనండి. కొందరు రెండోది పెద్ద అక్షరాల్లో వేస్తారు.

కొనేముందు టేపు పట్టుకుని ట్రైలర్ దగ్గరికి వెళ్లండి. నొగలు కలిసే చోట పలకలో జాక్ గొట్టం దిగే రంధ్రం ఉంటుంది, ఎక్కువ ట్రైలర్లకి అది 2¼ అంగుళాలు, చుట్టూ త్రికోణంలో మూడు బోల్టులు. చిన్న ట్రైలర్లకి రంధ్రం తక్కువ ఉండొచ్చు. అంతకంటే ముఖ్యం, ఎలక్ట్రిక్ జాక్ తల చేతి జాక్ తల కంటే లావు. వెనక గ్యాస్ సిలిండర్ల మూతకి తగులుతుందా, ముందు ట్రక్ టెయిల్‌గేట్ (వెనక తలుపు) దించితే దాని మీద పడుతుందా చూడండి. ట్రైలర్ తగిలించి ఉండగానే టెయిల్‌గేట్ మెల్లగా దించి చూస్తే తెలిసిపోతుంది. మాకు ఒక్క అంగుళం ఖాళీ మిగిలింది.

సాధారణంగా ఈ జాక్‌లు 18 అంగుళాలు లేస్తాయి. కాలి అడుగున పిన్ను తీసి కిందికి జార్చుకునే లోపలి కాలు ఉన్నదైతే ఇంకా మంచిది. నేను అడుగున ఒక మందపాటి చెక్క దిమ్మ కూడా వేస్తాను. కాలు ఎంత తక్కువ బయటికి వస్తే ట్రైలర్ అంత తక్కువ ఊగుతుంది.

ఇక బ్యాటరీ దిగిపోతుందన్న మీ భయం. బరువు లేపేటప్పుడు ఈ మోటార్లు 30 ఆంపియర్ల దాకా లాగుతాయి, వింటే పెద్దగానే ఉంటుంది. కానీ రెండు నిమిషాలు నడిపితే ఖర్చయ్యేది ఒక్క ఆంపియర్ అవర్. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది నూటికి ఒక వంతు. దిగిపోదు. అయితే జాక్ లైటు ఆర్పడం మర్చిపోయి వారాల తరబడి వదిలేస్తే మాత్రం దిగుతుంది. జాక్ వైరు చాలావరకు నేరుగా బ్యాటరీకే వెళ్తుంది, ట్రైలర్‌కి కరెంటు ఆపే డిస్‌కనెక్ట్ స్విచ్ ఆపినా దానికి కరెంటు అందుతూనే ఉంటుంది.

అసలు కష్టం నెగటివ్ వైపు ఉంటుంది. చాలా జాక్‌లకి పాజిటివ్ వైరు ఒక్కటే బయటికి వస్తుంది. తిరుగు దారి జాక్ ఒంటి గుండా, ఆ మూడు బోల్టుల గుండా ట్రైలర్ ఇనుములోకి వెళ్లాలి. ఇనుము మీద మందంగా పెయింట్ ఉంటుంది, పెయింట్ కరెంటుని రానివ్వదు. నా మొదటి జాక్ ఏడాది తిరిగేసరికి మూలుగుతూ లేవడం మొదలుపెట్టింది. మోటార్ పోయిందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టబోయాను. ఆఫీసులో ఎలక్ట్రికల్ పని తెలిసిన మిత్రుడు మీటర్‌తో చూడమన్నాడు. మీటర్ నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర తీగ జాక్ ఒంటి మీద గీరిన చోట పెట్టి, ఇంకొకరిని స్విచ్ నొక్కమన్నాను. అక్కడ దాదాపు సున్నా చూపించాలి. నాకు రెండు వోల్టులు దాటి చూపించింది. అంటే ఆ రెండు వోల్టులూ మోటార్‌కి అందకుండా దారిలోనే పోతున్నాయన్నమాట. బోల్టులు విప్పితే ఒక్కో బోల్టు కింద పావలా బిళ్లంత తుప్పు. గీకి, మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్ది, పళ్లున్న స్టార్ వాషర్లు వేసి బిగించాను. అదే జాక్ కొత్తదానిలా లేచింది. అప్పట్నుంచి జాక్ ఒంటి నుంచి బ్యాటరీ నెగటివ్‌కి విడిగా ఒక 10 గేజ్ వైరు కూడా వేశాను. మీరు మొదటి రోజే వేసేయండి. పాజిటివ్ వైపు బ్యాటరీకి దగ్గరగా 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాలి, అదే ఫ్యూజ్ ఇంకో రెండు విడిగా దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు హ్యాండిల్ సంగతి. నాన్న ఉన్నప్పుడే ఒక మార్చిలో అమరిల్లో దగ్గరున్న పాలో డ్యూరో కాన్యన్‌కి వెళ్లాం. లోయలోకి దిగే రోడ్డు 10 శాతం వాలు, మెల్లగా దిగి సైటు చేరేసరికి చీకటి పడింది, వాన అందుకుంది. ట్రక్ విప్పుదామని స్విచ్ నొక్కితే చప్పుడే లేదు. తర్వాత విప్పి చూస్తే స్విచ్ కింది రబ్బరు పగిలి లోపల నీళ్లు నిలిచాయి. ఆ రాత్రికి ట్రక్ విప్పకుండానే పడుకోవచ్చు కదా అనుకున్నాం. కానీ సైటు వాలుగా ఉంది, గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ సమంగా లేకపోతే పాడవుతుంది. చేత్తో తిప్పే హ్యాండిల్ ఉందిగా అని వెతికితే, అది ఇంట్లో గరాజ్ గోడకి వేలాడుతోందని గుర్తొచ్చింది. పక్క సైటు పెద్దాయన తన హ్యాండిల్ తెచ్చారు, సరిపోలేదు. ఆయనే మళ్లీ వెళ్లి సాకెట్ సెట్ తెచ్చి ఒక్కోటీ పెట్టి చూస్తే చివరికి ఒకటి కూర్చుంది. నాన్న గొడుగు ఒక చేత్తో, టార్చి ఒక చేత్తో పట్టుకుని నలభై నిమిషాలు వానలో నిలబడ్డారు. డెబ్బై రెండేళ్ల మనిషి, ఒక్క మాట అనలేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

అందుకే జాక్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది, కరెంటు లేకుండా దాన్ని ఎలా తిప్పుతారన్నది. తల మీద రబ్బరు మూత తీసి హ్యాండిల్ పెట్టేలా ఉండాలి, విడిభాగాలు విప్పాల్సిన పని ఉండకూడదు. మామూలు సైజు సాకెట్ కూడా పట్టే రకమైతే మరీ మేలు. కొన్నాక ఇంటి దగ్గరే ఒకసారి ఆ హ్యాండిల్‌తో పూర్తిగా లేపి దించి చూడండి, మీ ఆవిడ చేత కూడా తిప్పించండి. తర్వాత దాన్ని ట్రైలర్ ముందు అరలో క్లిప్పు పెట్టి బిగించేయండి. స్విచ్‌కి మంచి రబ్బరు తొడుగు ఉందో లేదో చూడండి, ప్రయాణంలో జాక్ తలకి కవర్ వేయండి. ఇవి బాగుంటే కంపెనీ పేరు గురించి నాకు పెద్దగా పట్టింపు లేదు.

బిగించడం మీరే చేసుకోవచ్చు, గంట పని. ట్రైలర్ ట్రక్‌కి తగిలించి, లాక్ వేసి, చక్రాలు దొర్లకుండా అటూఇటూ అడ్డు చీలలు పెట్టి చేయండి. అప్పుడు జాక్ మీద బరువే ఉండదు. బ్యాటరీ నెగటివ్ తీసేయండి, గ్యాస్ వాల్వులు కట్టేయండి. పాత జాక్ పాదం పిన్ను తీసి, మూడు బోల్టులు విప్పి పైకి లాగేస్తే వచ్చేస్తుంది. కొత్తది దించే ముందే బోల్టుల చోట పెయింట్ గీకేయండి.

ఒక్క సంగతి మీ ఆవిడకి తప్పకుండా చెప్పండి. చేత్తో తిప్పేటప్పుడు బరువు చేతికి తెలుస్తుంది, ఏదైనా పట్టేస్తే చెయ్యే ఆగిపోతుంది. మోటార్‌కి ఆ తెలివి లేదు. ట్రక్ విప్పేటప్పుడు కప్లర్ లాచ్ సరిగా ఊడకపోతే, జాక్ ట్రక్ వెనక భాగాన్ని కూడా ఎత్తుకుంటూ పోతుంది. స్విచ్ మీద వేలు పెట్టి జాక్ వంక చూడకండి, బాల్ వంక, ట్రక్ బంపర్ వంక చూడండి. బంపర్ లేస్తున్నట్టు అనిపించగానే వేలు తీసేయాలి. విప్పే ముందు చక్రాలకి చీలలు ఉండాల్సిందే, పిల్లలు అటువైపు ఉండకూడదు. టైరు మార్చడానికీ, ట్రైలర్ కిందికి దూరి పని చేయడానికీ ఈ జాక్‌ని నమ్ముకోవద్దు.

ట్రైలర్ బయట ఎడమ పక్క, ముందు భాగంలో బరువుల స్టిక్కర్ ఉంటుంది. దాని మీద అంకెలు, ఆ రంధ్రం కొలత, జాక్ నుంచి సిలిండర్ల మూతకి ఎంత దూరం ఉందో ఇక్కడ రాయండి. మీకు ఏ కొలత జాక్ పడుతుందో చూసి చెప్తాను.