కథల రాత్రి నెత్తిన వేసుకున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఐర్లండ్‌లో, రాస్‌కామన్ కౌంటీలోని మీ ఊరి కమిటీ వాళ్ళు అక్టోబర్ పండగలో కథల రాత్రి నీకు అప్పజెప్పారని రాశావు. పట్టిక కూడా చూశాను. మూడు రోజుల్లో ఇరవై ఆరు అంశాలు! పదిహేను చాలు. ఊరు చిన్నది. కథలకొచ్చేదీ, కవితలకొచ్చేదీ, సంగీతానికొచ్చేదీ ఇంచుమించు ఆ వందమందే. ఒకే వేళకి రెండు పెడితే రెండు చోట్లా ఖాళీ కుర్చీలే కనపడతాయి. కథ చెప్పేవాళ్ళని వెతకడం కష్టం కాదు. నిశ్శబ్దంగా వినగలిగే గది దొరకడమే కష్టం. అందుకని ముందు గది సంగతి చూసుకో, మనుషుల్ని తర్వాత పిలువు.

కమిటీ వాళ్ళు పెద్ద హాలు చూపిస్తారు. వద్దను. నలభై నుంచి అరవైమంది పట్టే గది కావాలి. ఆఖరి వరస కథకుడికి ఎనిమిది మీటర్లు దాటకపోతే మైకు అక్కర్లేదు. మైకు లేకపోతే జనం చెవి ఒగ్గుతారు, ఉంటే వెనక్కి వాలి కూర్చుంటారు. ఎనభై దాటితే తప్పదు, అప్పుడు తలకి తగిలించుకునేది తెప్పించు. చేత్తో పట్టుకునే మైకు ఇచ్చావంటే కథకుడి చెయ్యి ఒకటి పోయినట్టే. కుర్చీలు అర్ధచంద్రంగా వెయ్యి. మధ్యలో దారి వదలకు, పక్కలనుంచి రానీ. కథకుడు కూర్చునే చోటు తలుపుకి ఎదురు గోడ దగ్గర ఉండాలి. తలుపు పక్కన కూర్చోబెట్టావంటే ఆలస్యంగా వచ్చే ప్రతివాడూ కథలో పాత్ర అయిపోతాడు. దీపాలు పూర్తిగా ఆర్పకు. ఎదుటివాళ్ళ కళ్ళు కనపడకపోతే ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తెంపాలో చెప్పేవాడికి తెలీదు. మన దగ్గర ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ సాగదు కదా, అక్కడ ఆ పని కళ్ళు చేస్తాయి.

పబ్బు వెనక గది అయితే ఇంకా మంచిది, కాకపోతే పగలు కాక రాత్రి తొమ్మిదికి వెళ్ళి పది నిమిషాలు ఊరికే కూర్చుని విను. ఫ్రిజ్ హోరు, గ్లాసులు కడిగే మెషీన్, కాఫీ మెషీన్ బుసలు, అవతలి గదిలో టీవీ... ఇవన్నీ పగలు వినపడవు. కథ నడిచేటప్పుడు బారు మూసేలా యజమానితో ముందే ఒప్పించుకో. ఆయనకి నష్టం లేకుండా మధ్యలో ఇరవై నిమిషాల విరామం ఇవ్వు. ఆ ఇరవై నిమిషాల్లో ఆయన వ్యాపారం ఆయనకి జరిగిపోతుంది. ఇంకోటి, కౌంటీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఏ రోజున్నాయో చూడకుండా తేదీ ఖాయం చెయ్యకు. మ్యాచ్ ఉన్న సాయంత్రం పబ్బులో కథ చెప్పడం జాతరలో గుసగుసలాడినట్టే.

ఎనిమిదికి అని వేసి ఎనిమిదింపావుకి మొదలుపెట్టు. మొదటి సగం యాభై నిమిషాలు, రెండోది నలభై అయిదు. కథకులు ముగ్గురు చాలు. ఇద్దరికి పన్నెండేసి నిమిషాల కథలు రెండేసి, ఒకరికి మాత్రం పాతిక నిమిషాల పెద్ద కథ. ఆ పెద్దది విరామం తర్వాత రావాలి, అప్పటికి గది కుదుటపడుతుంది. కథకీ కథకీ మధ్య మూడు, నాలుగు నిమిషాల వాద్యం. ఏడిపించే కథ ముగిసీ ముగియకుండా రీల్ అనే హుషారు నాట్యబాణీ వాయించేస్తారు కుర్ర ఫిడిల్ వాళ్ళు. అలా కాకుండా నెమ్మదైన స్వరం, వాళ్ళు 'ఎయిర్' అంటారు, అది వాయించమని ముందే చెప్పు. పదింపావుకల్లా ముగిస్తే ముందుగదిలో సెషన్, అంటే వాద్యాలవాళ్ళు చేరి వాయించుకోవడం, మొదలెట్టుకోవచ్చు.

సభ నడిపే మనిషిని అక్కడ 'ఫ్యార్ అన్ టీ' అంటారు, ఆడమనిషైతే 'బ్యాన్ అన్ టీ'. ఇంటాయన, ఇల్లాలు అని అర్థం. వెనకటికి పొయ్యి చుట్టూ ఇరుగుపొరుగు చేరి కథలు చెప్పుకునేటప్పుడు ఇంటివాళ్ళదే పెత్తనం, ఆ పేరే మిగిలింది. పరిచయం అరనిమిషం దాటకూడదని ఆ మనిషికి గట్టిగా చెప్పు. హాస్యాలు తను చెప్పేసి, కథ ముగింపు కూడా బయటపెట్టేసే ఇంటాయనలు ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు. జనంలోంచి చెప్పాలనుకునేవాళ్ళ పేర్లు గుమ్మం దగ్గరే రాసుకోండి, తలా ఏడు నిమిషాలు. సమయం దాటితే గంట కొట్టకండి, ఇంటాయన లేచి పక్కన నిలబడితే చాలు, అర్థమవుతుంది.

ఏ కథలు? అక్టోబర్ ఆఖరుకి పెట్టుకోవడం మీ అదృష్టం. నవంబర్ 1 వాళ్ళ సావిన్ పండగ, శీతాకాలపు మొదలు. ఫిన్ మక్‌కూల్ వీరగాథల్లాంటి పెద్ద కథలు సావిన్ నుంచి మే 1 దాకా, అదీ రాత్రిపూటే చెప్పాలని పాత ఆచారం, పగలు చెబితే అరిష్టం. ఈ పట్టింపు ఇప్పుడు తగ్గింది, అయినా పెద్దవయసు కథకుడు మధ్యాహ్నం చెప్పనంటే బతిమాలకు, రాత్రికి మార్చు. పగటికి ఊరి పేర్ల కథలు, మన గ్రామదేవతల్లా మొక్కులందుకునే చెరువుల, బావుల కథలు సరిపోతాయి. శానఖీ అంటే అందరూ కథకుడనే వాడేస్తున్నారు గానీ, అసలు అర్థంలో వాడు ఊరి వంశాలూ, చోట్లూ, జరిగిన సంగతులూ గుర్తున్నవాడు. రాత్రుళ్ళు నడిచే పెద్ద వీరగాథలు చెప్పేవాడు 'ష్కేలీ'. ఎవరిని పిలుస్తున్నావో తెలిసి పిలువు, ఒకరి చేత రెండోవారి పని చేయించకు.

మీ ఊరి కథలు వెతకడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు. 1937 నుంచి 1939 దాకా దాదాపు అయిదు వేల ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల చేత ఇంట్లో పెద్దల్ని అడిగించి కథలు, వైద్యాలు, సామెతలు రాయించారు. సుమారు 7,40,000 పేజీలున్నాయి. డబ్లిన్‌లో యూసీడీ అనే విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి, డూహస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవచ్చు. ఊరి పేరుతో కాకుండా పాఠశాల పేరుతో, 'టౌన్‌లాండ్' అనే చిన్న పల్లె పేరుతో వెతుకు, అప్పుడే మీ చుట్టుపక్కలవి బయటికొస్తాయి. నాలుగు కథలు ఏరి అదే బడిలో ఇప్పుడు చదివే పిల్లలకివ్వు. కాయితం చూసి చదవనివ్వకు, మూడు వారాలు ముందు ఇచ్చి సొంత మాటల్లో చెప్పించు. అక్టోబర్ ఆఖరి సోమవారం నుంచి బడులకి సెలవులు గనక బడిలో చేసేదేదైనా గురు, శుక్రవారాల్లోనే. పిల్లలతో పనిచేసే ప్రతి పెద్దమనిషికీ గార్డా వెట్టింగ్, అంటే అక్కడి పోలీసుల తనిఖీ, అయి ఉండాలి. దానికి వారాలు పడుతుంది, సెప్టెంబర్ దాకా ఆగకు.

ఆ పేజీల్లో చిక్కొకటుంది. చెప్పినవారి పేరు, ఊరు రాసుంటాయి. ఫలానావాడి తాత గొర్రెలెత్తుకుపోయాడనో, కరువులో పక్కవాడి భూమి కలుపుకున్నాడనో ఉంటే, ఆ మనవడు నీ ముందు వరసలోనే కూర్చుని ఉంటాడు. 1840ల కరువు, భూస్వాములు ఇళ్ళు ఖాళీ చేయించడం, 1922–23 అంతర్యుద్ధం, ఈ మూడూ రాస్‌కామన్‌లో ఇంకా పచ్చిగానే ఉంటాయి. పేర్లు తీసేసి చెప్పించు, లేదా ఆ ఇంటివాళ్ళని అడుగు.

ఆదివారం నడక విషయం. రాత్‌క్రోహన్ మీకు దగ్గరే. పాత గాథల్లోని మేవ్ రాణి కోట అదేనంటారు, పశువుల కోసం జరిగిన ఆ మహాయుద్ధగాథ మొదలయ్యేదీ అక్కడే. సావిన్ రాత్రి అక్కడి 'పిల్లుల గుహ'లోంచి అవతలి లోకపు ప్రాణులు బయటికొస్తాయని నమ్మకం. ఆ చోట్లన్నీ రైతుల పొలాల్లో ఉన్నాయి, టల్స్క్ ఊళ్ళోని సందర్శకుల కేంద్రం వాళ్ళే దగ్గరుండి తీసుకెళతారు, వాళ్ళతోనే మాట్లాడు. గుహలోకి గుంపుగా పంపకు, కింద బురద, పైకప్పు పొట్టి. కుక్కలొద్దు, గొర్రెలుంటాయి. తీసిన ప్రతి గేటూ వెంటనే వెయ్యాలి. ఇక గడియారం: మామూలుగా ఆ వారాంతంలోనే ఆదివారం తెల్లవారుజామున గంట వెనక్కి తిప్పుతారు, సగంమంది గంట ముందే వచ్చి నిలబడతారు. కరపత్రంలో 'కొత్త సమయం' అని వెయ్యి. ఆ రోజు అయిదింటికల్లా పొద్దు కుంకుతుంది గనక నడక రెండుకి మొదలై నాలుగింటికి ముగియాలి.

పాతకాలపు గుండ్రటి మట్టికోటల్నీ, ఒంటరి ముళ్ళచెట్టునీ వాళ్ళు ముట్టుకోరు. అక్కడుంటారని నమ్మే మాయామనుషుల్ని పేరుపెట్టి అనరు, 'మంచివాళ్ళు' అంటారు. మన దగ్గర రాత్రిపూట పాముని పురుగనడం లాంటిదే. ఆకుపచ్చ టోపీల లెప్రికాన్ (పొట్టి మాయామనిషి) బొమ్మలు అలంకరణకి కొనొద్దు, ఊళ్ళో పెద్దవాళ్ళకి ఒళ్ళు మండుతుంది.

సంగీతానికొస్తే, సెషన్ వేదిక మీద జరిగేది కాదు. ఒక మూల, బల్ల చుట్టూ, ఒకరికొకరు ఎదురుగా కూర్చుని తమలో తాము వాయించుకుంటారు, మనం పక్కనుండి వింటాం. ఇద్దరు ముగ్గురికి డబ్బిచ్చి పిలువు. పాట అందుకునేదీ, కొత్తవాళ్ళకి చోటిచ్చేదీ వాళ్ళే. మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. చేతులు లేని కుర్చీలు ఎనిమిది పెట్టించు, మోచేతులకి అడ్డు తగిలితే ఫిడిల్ సాగదు, అకార్డియన్ అసలే సాగదు. బౌరాన్ డప్పు ఒక్కటే. రెండు మోగితే లయ చెడుతుంది, మూడైతే బాగా వాయించేవాళ్ళు మెల్లగా లేచి వెళ్ళిపోతారు. ఒక్కో ట్యూన్‌కి ఎనిమిది బార్ల (తాళావర్తనాల) ముక్కలు రెండు, రెండేసి సార్లు, మొత్తం 32. దాన్ని మూడుసార్లు తిప్పి ఆగకుండా ఇంకోదానిలోకి వెళతారు. అందుకని తిప్పేటప్పుడు చప్పట్లు కొట్టి ఆపించకండి. ఎవరైనా 'షాన్ నోస్' పద్ధతిలో వాద్యం లేకుండా పాడితే మొత్తం పబ్బు ఆగాలి, బారుతో సహా.

ఇలిన్ పైప్స్ (ఐరిష్ తిత్తి వాద్యం) వాయించేవాళ్ళని పిలిస్తే ఏ శ్రుతి సెట్టు తెస్తారో ఫోనులోనే అడుగు. డి అయితే అందరితో కలుస్తుంది. సి, బి లాంటి కిందిశ్రుతి సెట్టు మహా తియ్యగా ఉంటుంది గానీ ఫిడిళ్ళతో కలవదు, దానికి విడిగా ఇరవై నిమిషాలు ఇవ్వు. పైపులనీ, హార్ప్‌నీ రేడియేటర్ పక్కన పెట్టించకు, రీడ్లు ఎండిపోతాయి, తీగలు శ్రుతి తప్పుతాయి. హార్ప్ కనీసం రెండు గంటల ముందే ఆ గదిలోకి చేరాలి. పాతకాలపు హార్ప్ విద్వాంసుడు కారొలన్ (1670–1738) సమాధి మీ కౌంటీలోనే, కిల్‌రోనన్‌లో ఉంది, హార్ప్‌కి ఆయన స్వరాలకంటే ఏం కావాలి.

కవితలకి ముగ్గురు, తలా పదిహేను నిమిషాలు, శనివారం పగలు, గ్రంథాలయంలో. కవిత చదివేటప్పుడు వెనక సంగీతం పెట్టొద్దు, రెండూ చెడతాయి. ఐరిష్ కవిత అయితే పూర్తిగా ఐరిష్‌లో వినిపించి తర్వాత రెండు వాక్యాల్లో భావం. కరపత్రంలో పద్యం అచ్చువేస్తే కాపీరైట్ చూసుకో, కవి పోయాక డెబ్భై ఏళ్ళు. యేట్స్ 1939లో పోయాడు, ఫరవాలేదు. కావనా 1967లో, కాబట్టి 2037 ఆఖరుదాకా అనుమతి కావాలి. అక్షరదోషాల్లో ముఖ్యంగా 'ఫాద' చూడు, అచ్చుల మీద గీత. ఫాద అంటే దీర్ఘం అనే అర్థం, పనీ అదే. షాన్ మీద ఆ గీత ఉంటే మనిషి పేరు, లేకపోతే ముసలి అని. ఐరిష్ చదివిన టీచరు చేత ప్రూఫ్ దిద్దించకుండా ప్రెస్సుకి పంపకు.

బీమా, రోడ్డు మూయడానికి కౌన్సిల్ అనుమతి, హాలుకి సంగీతం లైసెన్సు, ఇవి కమిటీ కార్యదర్శి పని, నీది కాదు. ఉన్నాయా అని మాత్రం జూన్‌లో ఒకసారి అడుగు. డబ్బు కవర్లు ఆ రాత్రే ఇచ్చేలా కోశాధికారిని పక్కన కూర్చోబెట్టుకో. దూరం నుంచి వచ్చేవాళ్ళకి వేడి భోజనం, పడక కూడా.

నిన్ను ఓ ఇండియన్ ఐటమ్ పెట్టమంటారు, ట్రాక్ వేసి సినిమా డాన్స్ పెట్టేయకు. బాయిల్‌లో 1878లో పుట్టిన మార్గరెట్ కజిన్స్ మన మదనపల్లెలో ఉండగా, 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ అక్కడికొచ్చి జనగణమనని ఇంగ్లీషు చేశాడు. ఆ బాణీని స్వరాల్లో రాసిపెట్టింది ఆవిడే. ఆవిడ భర్త జేమ్స్, బెల్‌ఫాస్ట్ కవి, అక్కడి కాలేజీలో పనిచేశాడు. పక్క ఊరి ఆడపడుచు కథ పది నిమిషాలు నువ్వే చెప్పు. ముందు జనానికి ఊ కొట్టడం నేర్పి మొదలుపెట్టు, పిల్లలు భలే అందుకుంటారు.

గది దొరకగానే కొలతలు, తలుపెటుందో, రేడియేటర్లు ఎక్కడున్నాయో కాయితం మీద గీసి ఫోటో పంపు. కుర్చీల వరసలు గుర్తుపెట్టి తిప్పి పంపిస్తాను.

మీ పెద్దమ్మ