డబ్లిన్‌లో ఉన్న అమ్మాయి జర్మనీ వీసా కోసం హైదరాబాద్ రావాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ చేసి, డబ్లిన్‌లో ఎంఎస్సీ పూర్తిచేసింది. ఇప్పుడు స్టాంప్ 1జీ (చదువయ్యాక ఉద్యోగం కోసం ఐర్లండ్ ఇచ్చే పర్మిట్) మీద అక్కడే ఉద్యోగం చేస్తోంది. జర్మనీలో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీకి తీసుకున్నారు, జీతం కూడా ఇస్తారట. ఏప్రిల్‌లో చేరాలి. డబ్లిన్‌లోని జర్మన్ ఎంబసీలోనే వీసాకి పెట్టుకుంటానంటోంది. అమీర్‌పేటలో మాకు తెలిసిన కన్సల్టెన్సీ వాళ్లేమో ‘ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి ఇండియా నుంచే పెట్టాలి, అక్కడ రిజెక్ట్ చేస్తారు, ఉద్యోగం మానేసి వచ్చేయమనండి’ అంటున్నారు. మా బావమరిది కొడుకు మాత్రం అమెరికా నుంచి మెక్సికో వెళ్లి అమెరికా వీసా స్టాంపింగ్ చేయించుకొచ్చాడు. అసలు ఎక్కడ పెట్టుకోవాలి? – ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ అమ్మాయి చెప్పిందే కరెక్టు. ఉద్యోగం మాన్పించి మాత్రం పిలిపించకండి. డబ్లిన్‌లో అప్లై చేసుకునే హక్కు తనకి అక్కడి పర్మిట్ వల్ల, అక్కడి నివాసం వల్ల వచ్చింది. అవి రెండూ వదులుకుని వస్తే మళ్లీ మొదటికొస్తారు.

వీసా ఫైలు ఏ ఎంబసీకి వెళ్లాలన్నది పాస్‌పోర్టును బట్టి తేలదు. మనిషి చట్టబద్ధంగా ఎక్కడ నివాసం ఉంటే అక్కడి ఎంబసీ చూస్తుంది. జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలు తక్కువకాలపు వీసాలకి పాటించే షెంజెన్ వీసా కోడ్‌లో ఈ మాట స్పష్టంగానే ఉంది. ఎక్కువకాలం ఉండేవాళ్లకిచ్చే, జర్మనీవాళ్లు నేషనల్ వీసా అనే డి కేటగిరీకీ ఇదే లెక్క. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉండేవాళ్ల ఫైళ్లు చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ జనరల్‌కి వెళ్తాయి, ఐర్లండ్‌లో ఉండేవాళ్లవి డబ్లిన్ ఎంబసీకి. అమ్మాయి సెలవు పెట్టి వచ్చి ఇక్కడ అప్లై చేసిందనుకోండి, ‘పర్మిట్, ఉద్యోగం, ఇల్లు అన్నీ ఐర్లండ్‌లో ఉంటే మా దగ్గరికెందుకు వచ్చారు?’ అని చెన్నై వాళ్లే అడగొచ్చు. కన్సల్టెన్సీ వాళ్లది దురుద్దేశం అనను. రోజంతా ఇక్కణ్నుంచి మొదటిసారి వెళ్లే పిల్లల ఫైళ్లే చూస్తుంటారు కాబట్టి అదొక్కటే దారి అనుకుంటారు. డబ్లిన్‌లో పెట్టే ఫైలు మీద వాళ్లకి ఫీజు రాదన్న సంగతీ ఉందనుకోండి.

ముందు చూడాల్సింది ఐఆర్‌పీ కార్డు (ఐర్లండ్ ఇచ్చే నివాస కార్డు) మీద ఉన్న గడువు తేదీ. మాస్టర్స్ చేసినవాళ్లకి ఐర్లండ్‌లో గ్రాడ్యుయేట్ స్కీము కింద మొత్తం రెండేళ్లు ఉండనిస్తారు కానీ ఒకేసారి ఇవ్వరు. మొదట 12 నెలలు, రెన్యువల్ చేయించుకుంటే మరో 12. అమ్మాయి మొదటి ఏడాది చివర్లో ఉంటే రెన్యువల్ ముందు, జర్మనీ తర్వాత. దానికి 300 యూరోలు కట్టాలి. ఎలాగూ వెళ్లిపోతున్నాం కదా, రెండు మూడు నెలల కోసం అంత డబ్బు దండగ అనుకునే పిల్లలుంటారు. వీసా నిర్ణయం వారాల్లో రావచ్చు, నెలలూ పట్టొచ్చు. ఫైలు ఎంబసీలో ఉండగా కార్డు గడువు దాటితే డబ్లిన్‌లో నివాసం ఉన్నానన్న మాటకే ఆధారం పోతుంది. ఆ 300 కట్టేయమనండి.

కార్డుతో పాటు అక్కడ నిజంగా ఉంటున్నట్టు చూపే కాగితాలూ పెట్టుకోవాలి. ఇంటి అద్దె అగ్రిమెంటు, ఈమధ్య నెలల పే స్లిప్పులు, డబ్లిన్ అడ్రసుతో బ్యాంకు స్టేట్‌మెంటు. రిజైన్ చేసి రూమ్ ఖాళీ చేస్తే ఇవన్నీ పాత కాగితాలైపోతాయి. వీసా పాస్‌పోర్టులో పడేదాకా ఆఫీసులో నోటీస్ ఇవ్వొద్దు, ఇంటి ఓనర్‌కి చెప్పొద్దు. అలా అయితే ఏప్రిల్‌కి అందుకోలేదేమోనని భయపడకండి. కాంట్రాక్టు మొదలయ్యే తేదీని నెలో రెండు నెలలో జరపమంటే ప్రొఫెసర్లు సాధారణంగా అర్థం చేసుకుంటారు. ఆలస్యమయ్యేలా ఉంటే ముందే మెయిల్ పెట్టమనండి.

మనవాళ్లకి ప్రత్యేకమైన తలనొప్పి ఇంకొకటుంది, ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, పేరంతా గివెన్ నేమ్ గడిలోనే. బీటెక్ సీఎంఎంలో (మార్కులన్నీ కలిపి ఇచ్చే మెమో) ఒట్టి ఇనీషియల్. జర్మనీ హెచ్‌ఆర్ వాళ్లు చివరి ముక్కని సర్‌నేమ్ అనుకుని రాసేస్తారు, తీరా చూస్తే అది అమ్మాయి సొంత పేరు. కాంట్రాక్టు డ్రాఫ్టు రాగానే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోమనండి. సంతకాలయ్యాక దిద్దించాలంటే ఆ ఆఫీసు నుంచి ఈ ఆఫీసుకి తిరిగి రావడానికే వారాలు పోతాయి.

‘జీతం కూడా ఇస్తారట’ అని రాశారు. అది కాగితం మీద చూసుకోండి. యూనివర్సిటీ ఉద్యోగిగా తీసుకుని కాంట్రాక్టు ఇస్తే ఖర్చులకి ఆ జీతమే ఆధారం. మీ ఇంటి వాల్యుయేషన్లు, సీఏ సర్టిఫికెట్లు, ఎఫ్‌డీ రసీదులతో పనిలేదు. కాంట్రాక్టు లేదు, స్కాలర్‌షిప్పూ లేదు, ఒట్టి అడ్మిషనే అయితే మాత్రం బ్లాక్డ్ అకౌంట్ దాకా వస్తుంది, అంటే ఖర్చుల డబ్బు ముందే వేసి నెలనెలా కొంత మాత్రమే తీసుకునే ఖాతా. 2024 సెప్టెంబరు నుంచి అది నెలకి 992 చొప్పున ఏడాదికి 11,904 యూరోలు. ఏ కేటగిరీ వీసాకి పెట్టాలో కూడా ఈ కాంట్రాక్టును బట్టే ఉంటుంది కాబట్టి ముందు ఇది తేలాలి.

అమ్మాయికి స్నేహితులు ఇంకో దారి కూడా చెప్పి ఉంటారు: షెంజెన్ టూరిస్ట్ వీసా మీద వెళ్లిపో, అక్కడికెళ్లాక మార్చుకోవచ్చు అని. అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్ లాంటి కొన్ని దేశాల పౌరులు వీసా లేకుండా జర్మనీలో దిగి, అక్కడే రెసిడెన్స్ పర్మిట్‌కి పెట్టుకోవచ్చు. మన పాస్‌పోర్టుకి ఆ వీలు లేదు. షెంజెన్ వీసా 180 రోజుల్లో 90 రోజులు తిరగడానికే. ల్యాబ్ చూసి రావడానికో, ప్రొఫెసర్‌ని కలవడానికో అయితే సరే, 90 యూరోల ఫీజు కట్టి డబ్లిన్ నుంచే తీసుకోవచ్చు. పీహెచ్‌డీలో చేరడానికి మాత్రం డి వీసా తీసుకునే వెళ్లాలి.

ఇక మీ బావమరిది కొడుకు సంగతి. అమెరికాలో ఉండగా అక్కడే స్టాంపింగ్ చేయించుకునే వీలు మామూలుగా ఉండదు కాబట్టి మనవాళ్లు మెక్సికోలోనో కెనడాలోనో స్లాట్ పట్టుకుని వెళ్లొచ్చేవారు. 2025 సెప్టెంబరు 6న అమెరికా విదేశాంగ శాఖ ఆ దారిని దాదాపు మూసేసింది. నాన్ ఇమిగ్రెంట్ వీసాకి తమ పౌరసత్వం ఉన్న దేశంలోనో, నివాసం ఉన్న దేశంలోనో ఇంటర్వ్యూకి వెళ్లమంది. వేరే చోట పెట్టుకుంటే అర్హత చూపించుకోవడం కష్టమవుతుంది, కట్టిన ఫీజు వెనక్కి రాదు. అతనికి మళ్లీ స్టాంపింగ్ అవసరం పడితే ఇండియా రావాల్సిందే, మనకైతే నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్. అతనికి ఇది కూడా చెప్పండి. వీసా గడువు ముగిసినా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) సరిగ్గా ఉన్నవాళ్లు 30 రోజుల్లోపు మెక్సికో, కెనడా వెళ్లి తిరిగి రాగలిగే వెసులుబాటు ఒకటుంది. ఆ ప్రయాణంలోనే కొత్త వీసాకి అప్లై చేస్తే అది పోతుంది. వీసా రాకపోతే ఇక అమెరికాకి తిరిగి వెళ్లలేక అక్కడే ఇరుక్కుపోతాడు.

జర్మనీ విషయంలో తొందరపాటు ఎందుకు వద్దంటున్నానంటే, రిజెక్ట్ అయినప్పుడు ఎంబసీకే ఉత్తరం రాసి మళ్లీ పరిశీలించమని అడిగే పద్ధతి ఒకప్పుడు ఉండేది. 2025 జూలై 1 నుంచి అది ఎత్తేశారు. ఇప్పుడైతే మళ్లీ కొత్తగా అప్లై చేయాలి, లేదంటే బెర్లిన్‌లో కోర్టుకి వెళ్లాలి. పైగా, ఒకసారి రిజెక్ట్ అయిందంటే ఆ తర్వాత ఏ దేశం ఫారం నింపినా దాదాపు ఆ సంగతి రాయాల్సే వస్తుంది. అపాయింట్‌మెంటు రెండు వారాలు లేటైనా ఫర్వాలేదు, సగం కాగితాలతో వెళ్లొద్దు.

హైదరాబాద్‌లో ఉండి మీరేం చేయాలంటారా? చిలుకూరులో 11 ప్రదక్షిణలు మీ ఇష్టం. బీరువాలో ఉన్న బీటెక్ ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), సీఎంఎం, టెన్త్ మెమో తీసి కలర్ స్కాన్ చేసి పంపండి. ఒరిజినల్స్ ఎంబసీ చెక్‌లిస్టులో అడిగితేనే కొరియర్ చేయండి, అదీ ట్రాకింగ్ ఉన్నదాంట్లో. ఎవరైనా ‘అపోస్టిల్ చేయించాలి సార్’ అని (సర్టిఫికెట్లు విదేశాల్లో చెల్లడానికి ప్రభుత్వం వేసే ముద్ర) వెంటపడితే డబ్బు కట్టకండి. 2005లో మన దేశం అపోస్టిల్ ఒప్పందంలో చేరినప్పుడే జర్మనీ అభ్యంతరం చెప్పింది. ఎంబసీ అడక్కుండా ఆ ముద్ర వేయించి ప్రయోజనం లేదు.

ఇవాళ అమ్మాయికి ఫోన్ చేసినప్పుడు పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉందో కూడా అడగండి. గడువు దగ్గర పడితే డబ్లిన్‌లోని మన ఎంబసీ ద్వారా రెన్యువల్ చేయించుకున్నాకే జర్మన్ అపాయింట్‌మెంటు తీసుకోవాలి. రెన్యువల్‌తో పాస్‌పోర్టు నంబరు మారుతుంది. కాంట్రాక్టులోనూ వీసా ఫారంలోనూ పాత నంబరు మిగిలిపోకుండా చూసుకోమనండి.